గోడకి మేకు కొట్టకూడదట

గంట ఆగాలట. డబ్బా మీద రాసి ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో, కళ్ళజోడు పెట్టుకుని దాని మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను. జిగురు పట్టీలు గోడకీ పటం వెనకా అంటించి, ఒక్కొక్కదాన్ని అర నిమిషం గట్టిగా నొక్కి, ఆపైన గంటసేపు వాటి జోలికి పోకుండా కూర్చుని, అప్పుడు పటం తగిలించాలట. గంట! యాభై రెండేళ్ళు పటాలు కట్టి, కట్టినవాటిని జనం ఇళ్ళకి మోసుకెళ్ళి తగిలించి వచ్చినవాణ్ణి, నాకు మేకు దిగ్గొట్టడానికి మూడు దెబ్బలు పట్టేది. మొదటిది మేకుని పలకరించడానికి, రెండోది గోడని ఒప్పించడానికి, మూడోది పని అయిపోయిందని వంటింట్లో వాళ్ళకి వినపడటానికి. ఆ మూడు దెబ్బల పనికి ఇప్పుడు గంట కాపలా. సరిగ్గా పదింటికి ఆఖరి పట్టీ నొక్కి చెయ్యి తీశాను. పదకొండింటికి అక్క వస్తుంది. వస్తుందంటే ఉండిపోవడానికి కాదు, చూడటానికి. పటం గోడ మీద ఉంటే నా దగ్గర ఉంటుంది, లేకపోతే వచ్చిన కారులోనే కూతురితో వెనక్కి పోతుంది. నిన్న మేనకోడలు ఫోను చేసి తీర్పు చదివింది. "మామయ్యా, అమ్మ ఒకటే మాటంటోంది. నాన్న పటం గోడ మీద ఉంటే అక్కడ ఉంటుందట. లేకపోతే ఇక నా దగ్గరే." మీ అమ్మకి ఫోనివ్వవే అన్నాను. "ఇవ్వొద్దంటోంది" అంది. పక్కనే కూర్చుని, నా గొంతు వింటూ, చేత్తో వద్దు వద్దని ఊపుతోందన్నమాట. డెబ్భై రెండేళ్ళు ఒకే చూరు కింద బతికిన తమ్ముడితో మాట్లాడటానికి మధ్యలో దుబాసీ కావలసి వచ్చింది మహారాణికి.

పటం ఎదురుగా కుర్చీలో ఉంది, అంటే బావ ఉన్నాడు. అక్క కుర్చీ అది, ఇంట్లో చేతులున్న కుర్చీ అదొక్కటే, ఇంకెక్కడ పెట్టినా జారుతోందని అందులో పెట్టాను, ఇప్పుడు చూస్తే దర్జాగా కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నాడు. రేడియో మీద మోచెయ్యి ఆనించి, జుట్టు పాపిడి తీసి, ఏదో తను కనిపెట్టినట్టు ఆ రేడియోని. నవ్వవయ్యా నవ్వు. పోయి ఎనిమిదేళ్ళయినా నీ పళ్ళు రాలలేదు. గంటసేపు ఈ మొహం ఎదురుగా కూర్చోవాలని ఎవరు రాశారో నాకు, డబ్బా మీద రాసినవాడే రాసి ఉంటాడు.

పది గంటల పది నిమిషాలు.

ఈ ఇంటాయన ఒకడు. గోడలంటే ప్రాణం. మనుషులు అద్దెకుంటారు గానీ ఇల్లు గోడలదేనని అతని లెక్క. కాగితం మీద పదకొండో షరతు చదివి వినిపించాడు నాకు, నిలబడి, గొంతు సవరించుకుని: గోడలకు మేకులు, చీలలు, మరలు, కొక్కేలు మొదలగు ఎటువంటి వస్తువులనూ కొట్టరాదు, దించరాదు, బిగించరాదు. మొదలగు అట! నేను ఇంకేం తెచ్చి దించుతాననుకున్నాడు, గడ్డపారా? చదివాక అరచేత్తో గోడంతా నిమిరాడు, జ్వరం ఉందేమోనని చూసినట్టు. గుడ్డు పెంకు రంగు, మొన్ననే వేయించాడట. "పెద్దాయనా, గోడంటే నాకు కన్నబిడ్డ లాంటిది" అన్నాడు. మరి కన్నబిడ్డని అద్దెకెందుకిచ్చావయ్యా అని నాలిక చివరిదాకా వచ్చింది, అక్క నా జబ్బ పట్టుకుని గిల్లింది, ఆ గిల్లుడికి మాట వెనక్కి పోయి ఇప్పటికీ గొంతులోనే ఉంది. మేకు అంటే ఏమనుకుంటున్నాడు వీడు, దెబ్బ అనుకుంటున్నాడు, గాయం అనుకుంటున్నాడు. మేకు లేని గోడ గోడా? అది ఆసుపత్రి. మేకు ఉంటేనే మనిషి ఉన్నట్టు, చొక్కా ఉంటుంది, క్యాలెండరు ఉంటుంది, తాళం చెవి ఉంటుంది. ఒకసారి ఒక లాయరు గారింట్లో నేను కొట్టిన మేకు ఎంత నిఖార్సుగా దిగిందంటే అవతలి వాటాలోకి జానెడు పొడుచుకొచ్చింది. అవతలి వాటావిడ మంచిదే, ఏమీ అనకుండా దానికి గరిటె తగిలించుకుంది. కొన్నేళ్ళకి లాయరు గారు పటం మారుద్దామని ఇవతల మేకు పట్టుకుని లాగితే, ఆవిడ అవతల్నుంచి పట్టుకుని లాగుతోంది, మా గరిటె మేకు మీరెలా పీకుతారండీ అని. పన్నెండేళ్ళు కేసు నడిచింది. ఇది నేను ఎవరికి చెప్పినా అక్క పక్కనే కూర్చుని తల అడ్డంగా ఊపుతుంది. అబద్ధమని కాదు, "గరిటె కాదురా, జల్లెడ" అంటుంది. అలాంటి అక్క. నా అబద్ధాలకి కూడా తప్పులు దిద్దే మనిషి. ఇప్పుడు ఈ గోడకి జల్లెడ తగిలించుకుంటానన్నా దిక్కులేదు.

జిగురు గురించి నాకు చెప్తున్నారు! పల్లెటూరి బళ్ళో చదివే రోజుల్లో మా పంతులుగారి కుర్చీ కాలు ఊడితే నేనే జిగురు కాచి అంటించాను, తుడవమన్నారు, తుడవడం మర్చిపోయాను, ఆయన కూర్చున్నారు. ఆయన రిటైరయ్యేదాకా ఆ కుర్చీ ఆయనతోనే ఉంది, చివరి రోజున దండం పెట్టి లేస్తే కుర్చీ కూడా లేచి దండం పెట్టింది. అలాంటి జిగురు కాచినవాణ్ణి నేను. ఈ పట్టీలు అంటుకుంటాయో లేదో గంట చూడాలట. ముందు గోడని స్పిరిటుతో తుడవాలట, అది మొదటి మెట్టు, పెద్దక్షరాల్లో రాశాడు అదొక్కటీ. తుడిచాను. పొద్దున ఆరింటి నుంచీ తుడుస్తూనే ఉన్నాను, నాలుగుసార్లు, కొత్త గుడ్డతో, ఇంట్లోంచి ఇప్పటికీ ఇంజక్షను వాసనొస్తోంది. ఈసారి తుడిచాను.

పదీ ఇరవై అవుతోంది. సెకన్ల ముల్లు లేని గడియారం అది, ముందుకి పోతోందో ఆగిందో చెప్పదు, దానిక్కూడా గోడ మీద చోటు లేదు, అలమరా మీద ఆనించి పెట్టాం. ఈ ఇంట్లో అన్నీ ఆనించి పెట్టినవే. అద్దం బీరువాకి ఆనించి, గొడుగు తలుపుకి ఆనించి, నేను అక్కకి ఆనుకుని, అక్క ఇన్నేళ్ళూ నాకు ఆనుకుని. ఇప్పుడు అక్క కూడా లోహానికి ఆనుకుని నడుస్తోంది. నలభై రెండు రోజుల కింద ఇదే గోడ నుంచి ఇదే పటం, తగిలించిన మూడు గంటలకి పడింది, ఆ చప్పుడికి కుర్చీలో కునుకు తీస్తున్న అక్క దిగ్గున లేచింది, కాలు మెలికపడింది, పడింది. తుంటి విరిగింది. డాక్టరు నాకు ఎక్స్‌రే చూపించాడు, కిటికీకి పెట్టి, ఇదుగోండి పెద్దాయనా, ఇక్కడ రేకు వేశాం, ఇక్కడ ఆరు మరలు బిగించాం అని, ఎంత సంబరంగా చెప్పాడంటే వడ్రంగి పని నేర్చిన కొత్తలో నేనూ అలాగే చూపించుకునేవాణ్ణి. ఆరు మరలు. మా అక్క ఎముకకి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ షరతూ లేదు, మనిషికి ఎన్నయినా బిగించొచ్చు, గోడకి మాత్రం ఒక్కటి కొట్టకూడదు! ఆ ఎక్స్‌రే తీసుకెళ్ళి ఇంటాయన మొహాన పెట్టాలనిపించింది. చూడవయ్యా, నీ కన్నబిడ్డకి గీత పడకూడదని మా అక్కకి ఆరు పడ్డాయి. పెట్టాను కూడా. నిజంగానే పెట్టాను, మెట్ల మీద నిలబడి అరిచాను, పక్కవాటాల తలుపులన్నీ తెరుచుకున్నాయి. అతను తల దించుకుని, "పెద్దమ్మగారికి ఏం కావాలన్నా అడగండి" అని వెళ్ళిపోయాడు. మంచివాడిలా మొహం పెట్టేవాడంటే నాకు ఇంకా మంట.

అక్కడితో ఆగానా, పట్టీలు కొన్న దుకాణానికి కూడా పోయాను. కౌంటరు దగ్గర ఒక అమ్మాయి, ఇంతోటి పిల్ల, డబ్బా బల్ల మీద కొట్టి, ముసలిదాని కాలు విరగ్గొట్టే సరుకు అమ్ముతారా అని కేకలేశాను. పాపం ఆ పిల్ల బెదిరిపోయింది. నీళ్ళిచ్చింది. డబ్బా తిప్పి చూసి, "తాతగారూ, గోడ దేనితో తుడిచారు?" అని మెల్లిగా అడిగింది. ఏం, నాకే నేర్పుతావా అని ఇంకా పెద్ద కేకలేశాను. కొత్త డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది, క్షమించండి అంది. ఆ డబ్బాయే ఇది. క్షమించండి అన్న డబ్బా.

నవ్వుతున్నాడు చూడు. నువ్వేనయ్యా అన్నిటికీ మొదలు. రేడియోలు బాగుచేసేవాడు మా బావ, ఊళ్ళో ఎవరింట పాట వినపడినా అది తనే పాడినట్టు నడిచేవాడు. ఒకరోజు పొద్దున ఎవరిదో పెద్ద రేడియో విప్పి బల్లంతా పరిచి, దీనికి వాల్వు పోయింది, పట్నం పోయి తెస్తానని చెప్పులేసుకున్నాడు. తొమ్మిదేళ్ళకి తిరిగొచ్చాడు. వాల్వు తెచ్చాడు. నా అబద్ధాల్లో కూడా ఇంత పెద్దది లేదు, కానీ ఇది అబద్ధం కాదు, నా ఖర్మ. తొమ్మిదేళ్ళు ఎక్కడున్నాడో, ఏ ఊళ్ళో ఎవరి రేడియోలు మోగించాడో ఇప్పటికీ తెలీదు. పిల్ల నా భుజాల మీద పెరిగింది, బడికి నేను దింపాను, జ్వరమొస్తే నేను మోశాను, నాన్నేడమ్మా అంటే అక్క "వాల్వు కోసం వెళ్ళాడు" అనేది, నిన్న వెళ్ళినట్టు. ఆ రేడియో విప్పిన ముక్కలు ఏడాదిపాటు బల్ల మీదే ఉంచింది, తుడుస్తూ, చెదరకుండా. ఏడాది తర్వాత నేనే మూట కట్టి దాని సొంతదారు ఇంట పడేసి వచ్చాను, అక్క నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. నాకొచ్చిన ఒకే ఒక్క సంబంధం వాళ్ళు, అక్కా అక్క కూతురూ కూడా మీతోనే ఉంటారా అని అడిగి, టీ తాగి, మళ్ళీ రాలేదు. నేను బాధపడలేదు. అప్పుడు బాధపడలేదు. ఒక సాయంత్రం తలుపు దగ్గర నిలబడ్డాడు మనిషి, చెంపలు తెల్లబడి, చేతిలో చిన్న అట్టపెట్టె. నేను సుత్తి పట్టుకుని ఉన్నాను, పటం మూలలు బిగిస్తున్నా, ఆ సుత్తి చేతిలోనే ఉంది, గుర్తుంది. ఇప్పుడు అక్క అడుగుతుంది, ఇప్పుడు కడిగేస్తుంది, తొమ్మిదేళ్ళ మాటలు ఒక్కసారి కక్కేస్తుంది అనుకున్నాను. అక్క అతని చేతిలో పెట్టె వైపు చూసి, "దొరికిందా?" అంది. "ఆ, దొరికింది" అన్నాడు. అంతే! లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. ఏం బావమరిదీ బక్కచిక్కావే అని నా మంచం మీద పడుకున్నాడు. ఆ రాత్రి నుంచి నేను వరండాలో. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు బతికాడు, ఈలలు వేసుకుంటూ. పోయిన తర్వాత అక్క ఈ ఫొటో తెచ్చి నా ముందు పెట్టి, మంచి పటం కట్టరా అంది.

కట్టాను. నా జీవితంలో అంత మంచి పటం ఇంకొకటి కట్టలేదు. కట్టినంతసేపూ పళ్ళు కొరుకుతూనే ఉన్నాను. బొటనవేలంత మందం చట్రం వేశాను, లావుపాటి అద్దం వేశాను, వెనకాల అట్ట కాదు, చెక్క వేశాను, కదలకూడదు, మళ్ళీ ఎక్కడికీ పోకూడదు, ఇక్కడే పడి ఉండాలి వీడు అనుకుంటూ మూలమూలకీ బిగించాను. అయిదు కిలోలు. నా కోపం తూచి చూస్తే అయిదు కిలోలు తేలింది. పాతింట్లో దీనికి వేలెడంత మేకు కొట్టాను, వందేళ్ళయినా చలించనిది, కానీ ఆ ఇల్లు పడగొట్టేశారు, గోడే లేకపోతే మేకేం చేస్తుంది. ఇక్కడికొచ్చాం. ఈ పట్టీలు నాలుగు కలిసి ఆరు కిలోలు మోస్తాయట, డబ్బా మీద ఉంది. మోస్తాయి. మోసేవే. అబద్ధం కాదు. ఆ పిల్ల నాకు అబద్ధపు సరుకు అమ్మలేదు.

పదీ ముప్పై. లేచి పట్టీల దగ్గరికి పోయి చూశాను, ముట్టుకోలేదు. నాలుగు తెల్ల పట్టీలు. గోడ మసకగా ఉంది, మెరుపు లేదు. ఆ రోజు మెరిసింది. నేనెందుకు ఈ మాటకి రాకుండా చుట్టూ తిరుగుతున్నానో నాకు తెలుసు, ఇంటాయన్ని తిట్టి, డబ్బాని తిట్టి, డాక్టర్ని, బావని, ఇంకెవరూ మిగల్లేదు. పటాలు కట్టేవాడి భుజం మీద ఒక గుడ్డ ఉంటుంది, అవిసె నూనె తాగి తాగి పిల్లి తోలులా మెత్తబడిన గుడ్డ, పటం అయిపోయాక చివర్న చెక్కని దాంతో ఒకసారి రాస్తే మొహం వస్తుంది దానికి. ఆ రోజు కూడా రాశాను. రాసి, అదే చేత్తో, అదే గుడ్డతో, గోడని తుడిచాను. చేతికి తెలీదు పాపం, యాభై రెండేళ్ళ అలవాటు, అదలా పోయింది. అక్కడిదాకా పొరపాటే. ఎవరి ముందు నిలబెట్టినా పొరపాటే. కానీ తుడిచాక వెలుతురు పడి గోడ నిగనిగలాడింది. చూశాను. నూనె మీద జిగురు నిలవదని పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు, నాకు తెలీదా, జిగురు కాచి పంతుల్ని కుర్చీకి అంటించినవాణ్ణి! స్పిరిటు సీసా పక్కనే స్టూలు మీద ఉంది. చెయ్యి చాపాను. సీసా పట్టుకున్నాను. బావ మొహం కేసి చూశాను, ఇదే నవ్వు. ఎన్నాళ్ళుంటావో చూద్దాం అనుకున్నాను. సీసా మూత తియ్యలేదు. కింద పెట్టేశాను. ఇంతే చేశాను, ఒక మూత తియ్యలేదు. పడితే అద్దం పగులుతుంది, అక్క అయ్యో అంటుంది, ఈ గోడలకి నిలవడక్కా అని చెప్పి మంచం కింద పెట్టేద్దాం అనుకున్నాను. అక్క లేస్తుందనుకోలేదు. మోకాళ్ళ నొప్పులని నేను టీ తెచ్చిచ్చినా లేవని మనిషి, వాడి కోసం లేస్తుందనుకోలేదు. ఆ లేవడం తలుచుకుంటే నా ఒళ్ళు నాకే మండుతోంది, వాడి మీద మండుతోంది, అక్క మీద కూడా మండుతోంది, ఎందుకే లేచావు, తొమ్మిదేళ్ళు కూర్చోలేదూ, ఇంకో నిమిషం కూర్చోలేకపోయావా! ఆసుపత్రిలో రోజూ పక్కన కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాను, రోజూ చెబుదామని పోయాను, రోజూ లాయరు గారి గరిటె కథ చెప్పి వచ్చాను. ఒకరోజు జల్లెడ అని దిద్దలేదు. కిటికీ వైపు తిరిగి పడుకుంది. అప్పుడైనా చెప్పలేదు నేను.

కింద హారను. వచ్చేశారు. ఇంకా పావుతక్కువ పదకొండు కాలేదు! ఎవరికీ ఆగడం రాదు ఈ ఇంట్లో, రావలసిన వాళ్ళు ముందొస్తారు, పోకూడని వాళ్ళు ముందు పోతారు. లిఫ్టు తలుపు చప్పుడు, తర్వాత అక్క ఆనుకుని నడిచే నడక బండి చప్పుడు, టక్కు, జర్రు, టక్కు, జర్రు. నాకేమైందో, ఒక్క అంగలో కుర్చీ దగ్గరికి పోయి బావని ఎత్తాను, అయిదు కిలోలు, గుండెకి హత్తుకుని గోడ దగ్గరికి పోయాను. ఇప్పుడు నొక్కేస్తే ఉంటాడు, ఇరవై నిమిషాలు తక్కువైతే ఏం, తలుపు తెరవగానే గోడ మీద కనిపిస్తాడు, అక్క ఉండిపోతుంది, కారు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత పడితే? పడకపోతే? పడకుండా, అక్క రోజూ ఆ కుర్చీలో కూర్చుని దాన్ని చూస్తూ, నేను ఆవిడ్ని చూస్తూ, ఎన్నాళ్ళు? టక్కు, జర్రు. పటం వెనక పట్టీకీ గోడ మీద పట్టీకీ మధ్య వేలెడు దూరం. అద్దం మీద నా ఊపిరి తగిలి బావ మొహం కనపడకుండా పోయింది. వెనక్కి తెచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టాను. ఉండు ఇక్కడే, నీ ముందే చెప్తాను.

తలుపు తోసుకుని మేనకోడలు ముందొచ్చింది, వెనక అక్క. చిక్కిపోయింది. చట్రం ఊడదీసిన బొమ్మలా ఉంది. గోడ కేసి చూసింది, తర్వాత కుర్చీ కేసి.

"నా కుర్చీలో కూర్చున్నాడేం?"

"జిగురు ఆరాలే అక్కా. ఇంకో పావుగంట."

"నిన్న సాయంత్రం చెప్పాను కదా మామయ్యా!" మేనకోడలు సంచీ కింద పెట్టకుండానే మొదలుపెట్టింది. "అప్పటి నుంచీ ఏం చేస్తున్నావ్?"

"గోడ తుడుస్తున్నా."

"నిన్నటి నుంచీనా?"

"అక్కా, ఆ రోజు తుడిచింది నూనె గుడ్డతో" అన్నాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. "తుడిచాక తెలిసింది నాకు. పటం ఎత్తకముందే తెలిసింది. స్పిరిటు సీసా చేతిలోనే ఉంది. మూత తియ్యలేదు. కావాలనే తియ్యలేదు. పట్టీల తప్పు లేదు, ఇంటాయన తప్పు లేదు, ఆ దుకాణం పిల్ల తప్పు లేదు."

మేనకోడలు మొహం ఎర్రబడింది. నా భుజాల మీద కూర్చుని బడికెళ్ళిన పిల్ల నన్నెప్పుడూ అలా చూడలేదు. "అమ్మ చచ్చిపోయేది, తెలుసా? చచ్చిపోయేది మామయ్యా! పదమ్మా. పద, వెళ్దాం."

"ఉండవే, అరవకు" అంది అక్క. నడక బండి తిప్పుకుని మంచం దగ్గరికి వచ్చి, అంచు పట్టుకుని, మెల్లిగా కూర్చుంది. కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. నేను చెయ్యి ఇవ్వబోతే తీసుకోలేదు.

"వాసనొచ్చింది" అంది.

"ఏం వాసన?"

"అవిసె నూనె. యాభై ఏళ్ళు నీ చొక్కాలు ఉతికినదాన్ని. నువ్వు గోడ తుడుస్తుంటేనే వంటింట్లోకి కొట్టింది."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు లేచింది. "మరి అప్పుడే చెప్పొచ్చుగా? ఒరేయ్ వెధవా, నూనెరా అని ఒక్క మాట అనొచ్చుగా! ఎందుకు ఊరుకున్నావ్?"

అక్క కుర్చీలో ఉన్న బావని చూసింది. అలా చూడటం నేనెప్పుడూ చూడలేదు, ఆయన బతికుండగా కూడా. "పడితే చూద్దామనిపించింది" అంది. "ఒక్కసారి."

"అమ్మా!"

"నువ్వుండు. ఆ రోజు నేను కునుకు తీయలేదురా. ఊరికే కళ్ళు మూసుకుని కూర్చున్నా. మూడు గంటలు. తొమ్మిదేళ్ళు కూర్చున్నదాన్ని, మూడు గంటలు ఎంతసేపు? చప్పుడు కాగానే లేచాను. పట్టుకుందామని కాదు. దగ్గరగా చూద్దామని."

మేనకోడలు చేతిలో సంచీ కింద పడింది. నాకు కోపం వచ్చింది. నలభై రెండు రోజులుగా నా మీద నేను పోగేసుకున్న కోపమంతా ఒక్కసారి ఎటు పోవాలో తెలీక అక్క మీద పడింది. "నీకు తెలుసు! తెలిసి, రోజూ నా చేతి టీ తాగుతూ, నా మొహం చూస్తూ, అందరి మీదా నేను పడి అరుస్తుంటే వింటూ! ఇంటాయన్ని మెట్ల మీద నిలబెట్టి కడిగేశానే, ఆ పిల్లని ఏడిపించానే! రాక్షసివే నువ్వు. నేను రాత్రులు నిద్రలేక చస్తుంటే..."

"నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

"చెప్పకపోతే?"

"పటం గోడ మీదున్నా దాని దగ్గరే ఉండేదాన్ని" అంది కూతుర్ని చూపించి. "చెప్పని మగాడితో ఒకసారి ఉన్నాను. చాలు."

ఇన్నేళ్ళలో ఆ తొమ్మిదేళ్ళ గురించి అక్క అన్న మొదటి మాట అది. దొరికిందా అన్న రోజు సుత్తి పట్టుకుని నిలబడి నేను వినాలనుకున్న మాట, బావకి కాక నాకు చెప్పింది. కోపంతో చెప్పింది. నేను వాడి పక్షమో ఎదురు పక్షమో తెలీకుండా నిలబడ్డాను.

"మరి వీణ్ణి తగిలించమని ఎందుకన్నావే? మంచం కింద పడేద్దాం."

"పడేస్తే ఎలాగరా? కట్టింది నువ్వు, తెచ్చుకుంది నేను. ఉండనీ. కనపడుతూ ఉండనీ." కొంగుతో మొహం తుడుచుకుంది. "టైమెంత?"

"పదకొండుకి రెండు నిమిషాలుంది."

"రెండు నిమిషాలూ ఆగు. ఈసారి నీ తిక్క పని చేస్తే ఊరుకోను."

ఆగాను. మేనకోడలు నా వైపు చూడకుండా సంచీలోంచి ఒలికిన మందుబిళ్ళలు ఏరుతోంది, ఏరుతూ ఏరుతూ ముక్కు ఎగబీల్చింది. పదకొండయ్యింది. బావని ఎత్తాను. పటం ఒక వైపుకి ఒరుగుతుంటే మేనకోడలు వచ్చి పట్టుకుంది, ఇంకా మొహం ముడుచుకునే. పై రెండూ ఆనించి నొక్కాం, టిక్కుమంది, కింద రెండూ నొక్కాం, టిక్కుమంది. చేతులు తీశాను. పడలేదు.

"కొంచెం కిందకున్నాడేం?" అంది అక్క.

"నువ్విక కూర్చునే చూడాలిగా. కూర్చుంటే నీ కంటికి సమంగా ఉంటాడు."

అక్క కుర్చీలోకి మారింది. ఈసారి నా చెయ్యి పట్టుకునే మారింది, గట్టిగా, గోళ్ళు దిగేలా, నా జబ్బ గిల్లినప్పటికంటే గట్టిగా. నేను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. మేనకోడలు కారు పంపించేయనా అని అడిగింది, అక్క తల ఊపింది. బావ గోడ మీద నవ్వుతున్నాడు. మేమిద్దరం చూస్తున్నాం. వంటింట్లో కుళాయి చుక్క పడిన ప్రతిసారీ ఇద్దరం ఉలిక్కిపడుతున్నాం, ఒకరినొకరం చూసుకుని మళ్ళీ గోడ వైపు తిరుగుతున్నాం.

"ఒరేయ్ చిన్నోడా" అంది అక్క.

"ఊఁ."

"ఈసారి పడితే కూర్చునే చూస్తాను."